ఇద్దరున్నారని లెక్క సగమవదు

అమెరికాలో ఉన్న తెలుగు తల్లిదండ్రులకు ఈ మాట ఇప్పుడే చెప్పాలి. పెద్దబిడ్డ కాలేజీలో ఉండి, రెండో బిడ్డ ఈ ఏడో వచ్చే ఏడో చేరబోయే ఇంటికి మరీ ముఖ్యంగా చెప్పాలి. మీరు వేసుకున్న లెక్క తప్పి ఉండవచ్చు. "ఇద్దరూ ఒకేసారి చదువుతుంటే మన వాటా చెరిసగం అవుతుంది, ఎయిడ్ పెరుగుతుంది" అని మీకు ఎవరో చెప్పి ఉంటారు. చెప్పినవారు అబద్ధమాడలేదు. వాళ్ల పిల్లలు చదివిన రోజుల్లో అది నిజమే. 2024-25 విద్యా సంవత్సరం నుంచి ఫెడరల్ లెక్కలో ఆ వెసులుబాటు లేదు.

జరిగింది ఇది. 2020 డిసెంబరులో అమెరికా కాంగ్రెస్ ఫాఫ్సా సరళీకరణ చట్టం చేసింది. ఫాఫ్సా అంటే కాలేజీ ఆర్థిక సాయం కోసం విద్యార్థి ఏటా నింపే ఫెడరల్ దరఖాస్తు. అంతకుముందు తల్లిదండ్రులు ఎంత భరించగలరో లెక్కకట్టి, ఆ మొత్తాన్ని కాలేజీలో ఉన్న పిల్లల సంఖ్యతో భాగించేవారు. ఇప్పుడు స్టూడెంట్ ఎయిడ్ ఇండెక్స్ అనే కొత్త అంకె వచ్చింది. అందులో భాగహారం లేదు. ఇంట్లో ఒక్కరే చదివినా, కవలలు చదివినా, ముగ్గురు చదివినా తల్లిదండ్రుల వాటాను ఒక్కొక్కరి లెక్కలో పూర్తిగా వేస్తారు.

అంకెల్లో చూడండి. మీ ఆదాయాన్ని బట్టి తల్లిదండ్రుల వాటా 40,000 డాలర్లని తేలిందనుకుందాం. పిల్లలిద్దరూ ఏడాదికి 35,000 డాలర్లు ఖర్చయ్యే కాలేజీల్లో ఉన్నారు. పాత లెక్కలో ఒక్కొక్కరికి మీ వాటా 20,000. మిగిలిన 15,000ను కుటుంబానికి ఉన్న అవసరంగా చూసేవారు. ఇద్దరికీ కలిపి 30,000. కొత్త లెక్కలో ఒక్కొక్కరికీ 40,000. ఖర్చే 35,000 కాబట్టి అవసరం సున్నా. ఇద్దరికీ సున్నా. ఇంటి జీతం పెరగలేదు. కాగితం మీద మాత్రం మీరు ఏటా 70,000 డాలర్లు చేత్తో కట్టగల కుటుంబం అయిపోయారు. అవసరం ఉందని తేలినా కాలేజీ అంతా ఇస్తుందని హామీ లేదు, నిజమే. కానీ అవసరమే సున్నా అంటే అడిగే చోటే మూసుకుపోతుంది.

అదే చట్టం పేద కుటుంబాలకు పెల్ గ్రాంట్, అంటే తిరిగి కట్టనక్కర్లేని ఫెడరల్ సాయం, అందే దారిని సులువు చేసింది. ఆ మేలు కాదనలేం. ఆ పక్కనే, ఇద్దరు ముగ్గురు పిల్లలున్న మధ్యతరగతి ఇళ్ల మీద బరువు పడింది. నాకైతే అది న్యాయమనిపించదు. కానీ న్యాయం గురించి వాదించుకుంటూ కూర్చునే వ్యవధి మీకు లేదు. ఆగస్టులో బిల్లు వస్తుంది.

ఇందులో ఒక ఉచ్చు ఉంది. దరఖాస్తులో పాత ప్రశ్న ఇంకా అలాగే ఉంది. కుటుంబంలో ఎంతమంది కాలేజీలో ఉంటారని అడుగుతుంది. తల్లిదండ్రులు "రెండు" అని నింపి, అవతల ఎవరో చూసుకుంటారని ఊపిరి పీల్చుకుంటున్నారు. ఆ "రెండు" ఫెడరల్ లెక్కలోకి వెళ్లదు. దాన్ని కాలేజీలు చూడగలవు, అంతే. చూసిన కాలేజీ తనంతట తాను ఫోన్ చేసి "మీకు ఇద్దరున్నారట కదా, తగ్గిస్తాం రండి" అనదు. మీరు అడగాలి. రాసి అడగాలి. ఒక్కో కాలేజీని విడిగా అడగాలి.

అడిగే హక్కు చట్టంలోనే ఉంది. ఉన్నత విద్యా చట్టంలోని 479ఏ సెక్షన్ ప్రకారం, ప్రత్యేక పరిస్థితులున్న కుటుంబం విషయంలో కాలేజీ ఎయిడ్ అధికారి లెక్కను సవరించవచ్చు. ఇంట్లో మరొకరు కాలేజీలో చదువుతుండటం అలాంటి పరిస్థితి కావచ్చని ఆ సెక్షన్‌లోనే ఉంది. ఎవరు అడిగినా కుదరదని గంపగుత్తగా తిప్పిపంపే విధానం కాలేజీ పెట్టుకోకూడదు. అక్కడి వాళ్లు దీన్ని ప్రొఫెషనల్ జడ్జ్‌మెంట్ అంటారు. ఆ పేరుతోనే అడగండి, వెంటనే అర్థమవుతుంది. ఒప్పుకోవడం, మానడం వాళ్ల ఇష్టం. వాళ్లు కాదంటే పైన విద్యాశాఖకు అప్పీలు లేదు. అందుకే మొదటి ఉత్తరమే గట్టిగా ఉండాలి. దాని సంగతి చివర్లో చెబుతాను.

ముందు సీఎస్ఎస్ ప్రొఫైల్ గురించి. ఇది కాలేజ్ బోర్డు నడిపే మరో దరఖాస్తు. తమ సొంత నిధుల నుంచి సాయం చేసే ప్రైవేటు యూనివర్సిటీలు ఎక్కువగా దీన్ని అడుగుతాయి. ఇక్కడ ఇద్దరు పిల్లల లెక్క ఇంకా బతికే ఉంది. ఈ పద్ధతిలో ఇద్దరు చదువుతుంటే ఒక్కొక్కరికి తల్లిదండ్రుల వాటాలో 60 శాతం, ముగ్గురైతే 45 శాతం వేయడం వాడుక. కాలేజీని బట్టి ఇది మారుతుంది. పై లెక్కలోని 40,000 ఇక్కడ ఒక్కొక్కరికి 24,000 అవుతుంది. అందుకే రెండో బిడ్డ కాలేజీల జాబితా తయారుచేసేటప్పుడు ఏది ఫాఫ్సా మాత్రమే చూస్తుందో, ఏది సీఎస్ఎస్ కూడా చూస్తుందో పక్కన రాసుకోండి. ఫీజు ఎక్కువ కనిపించే ప్రైవేటు కాలేజీ, చివరికి మీ చేతినుంచి పోయే డబ్బులో ప్రభుత్వ యూనివర్సిటీ కంటే తక్కువ పడిన ఇళ్లు ఉన్నాయి. సీఎస్ఎస్‌కు మొదటి కాలేజీకి 25 డాలర్లు, ఆపైన ఒక్కోదానికి 16 డాలర్లు రుసుము ఉంటుంది. కుటుంబ ఆదాయం లక్ష డాలర్లలోపు ఉంటే ఇక్కడి డిగ్రీ విద్యార్థులకు ఆ రుసుము ఉండదు.

కానీ సీఎస్ఎస్‌ను చూసి మురిసిపోకండి. అక్కడా ఒక గొయ్యి ఉంది. పెద్దవాడు డిగ్రీ ముగించి బయటికి రాగానే, చిన్నదాని కాలేజీ మీ వాటాను మళ్లీ పూర్తిగా లెక్కేస్తుంది. ఇద్దరికీ రెండేళ్ల తేడా ఉంటే, మొదటి రెండేళ్లు వచ్చిన సాయం మూడో ఏడాది చప్పున పడిపోతుంది. పెద్దవాడు మాస్టర్స్‌లోనో మెడిసిన్‌లోనో చేరినా చాలా కాలేజీలు వాణ్ని లెక్కలోకి తీసుకోవు. మొదటి ఏడాది అవార్డు లెటర్ చూసి నాలుగేళ్లకూ అదే అనుకుని సంతకం పెట్టిన తల్లిదండ్రులు మూడో ఏడాది అప్పుల కోసం పరుగులు పెడుతున్నారు. చేరకముందే ఆ కాలేజీని ఒక్క మాట అడగండి: "అన్నయ్య చదువు అయిపోయాక మా అమ్మాయి సాయం ఎంతకు దిగుతుంది?" ప్రతి కాలేజీ వెబ్‌సైట్‌లోనూ నెట్ ప్రైస్ కాలిక్యులేటర్ ఉంటుంది. దాన్ని రెండుసార్లు నింపండి. ఒకసారి ఇద్దరు చదువుతున్నట్టు, ఒకసారి ఒక్కరే చదువుతున్నట్టు. ఎర్లీ డెసిషన్ కింద ముందే కట్టుబడిపోయే ముందైతే ఇది తప్పనిసరి. అలా కట్టుబడ్డాక పక్క కాలేజీ ఏమిస్తుందో పోల్చి చూసుకునే వీలుండదు.

ఇక నింపడంలో దొర్లే పొరపాట్లు. చిన్నవే, కానీ వారాల తరబడి ఫైలు ఆగిపోతుంది.

ఇద్దరు పిల్లలుంటే రెండు ఫాఫ్సాలు. పెద్దవాడిది కిందటేడు నింపాం కదా అని వదిలేయకండి, ప్రతి ఏటా కొత్తగా నింపాలి. పిల్లలిద్దరికీ ఎవరి అకౌంటు వారికి ఉండాలి. తల్లికైనా తండ్రికైనా ఎవరికి వారికి ఒక్క అకౌంటే ఉండాలి, దానితోనే ఇద్దరు పిల్లల ఫారాల్లోకీ వెళ్లాలి. తండ్రి తన ఈమెయిల్‌తోనే కొడుకు అకౌంటు తెరవడం, కొడుకు పేరుతో లాగిన్ అయి తన సోషల్ సెక్యూరిటీ నంబరు వేయడం మనవాళ్లలో మామూలైపోయింది. పిల్లవాడు పనిలో ఉన్నాడని, వాడికి తెలియదని మీరే చేసేస్తారు. అక్కడే ముడిపడుతుంది. పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకోండి. వాళ్ల భాగం వాళ్లే నింపాలి.

మన పేర్ల సంగతి వేరే చెప్పాలా? ఇంటిపేరు ముందు, అసలు పేరు వెనక, మధ్యలో తాతగారి పేరు. పాస్‌పోర్టులో ఒక రకం, సోషల్ సెక్యూరిటీ కార్డులో మరో రకం, పన్ను రిటర్నులో ఇంకో రకం. ఫాఫ్సా అకౌంటులో పేరు, పుట్టినతేదీ సోషల్ సెక్యూరిటీ రికార్డులో ఉన్నట్టే, అక్షరం తేడా లేకుండా ఉండాలి. తేడా ఉంటే సరిచూడటం ఆగుతుంది. గడువుకు ముందు రోజు రాత్రి అకౌంటు తెరిస్తే ఏడుపే మిగులుతుంది.

పన్ను వివరాలు ఐఆర్ఎస్ నుంచి నేరుగా తీసుకోవడానికి ఫాఫ్సా సమ్మతి అడుగుతుంది. విద్యార్థి ఇవ్వాలి, తల్లిదండ్రులూ ఇవ్వాలి, ప్రతి బిడ్డ ఫారంలోనూ ఇవ్వాలి, ప్రతి ఏటా ఇవ్వాలి. ఒక్కరు "వద్దు" అన్నా ఆ బిడ్డకు ఫెడరల్ సాయం రాదు. మీరిద్దరూ కలిపి రిటర్ను వేస్తే ఒక్కరు చాలు. విడివిడిగా వేస్తే ఇద్దరూ ఇవ్వాలి. పిల్లల చదువు కోసం తెరిచిన 529 పొదుపు ఖాతా విషయంలోనూ చూసుకోండి. ఇప్పుడు ఏ బిడ్డ ఫాఫ్సాలో ఆ బిడ్డ ఖాతానే చూపాలి. అన్నయ్య 529ని చెల్లెలి ఫారంలో కలిపి, లేని ఆస్తిని నెత్తిన వేసుకుంటున్నవాళ్లు ఉన్నారు. సీఎస్ఎస్ మాత్రం అందరివీ అడుగుతుంది.

ఇప్పుడు చెప్పబోయేది మరింత జాగ్రత్తగా చదవండి. మన ఇళ్లలో ఒకే కడుపున పుట్టిన పిల్లలు రెండు వేర్వేరు హోదాల్లో ఉంటారు. పెద్దమ్మాయి హైదరాబాద్‌లో పుట్టి హెచ్-4 మీద వచ్చింది. చిన్నవాడు డాలస్‌లో పుట్టాడు, పౌరుడు. గ్రీన్ కార్డు వరస ఏళ్ల తరబడి కదలదు. చిన్నవాడికి ఫెడరల్ సాయానికి హక్కుంది. మీరు హెచ్-1బీ మీద ఉన్నా వాడి హక్కు పోదు, భయపడి వాడి ఫాఫ్సా మానేయకండి. పెద్దమ్మాయికి హెచ్-4 మీద ఆ హక్కు లేదు. ఎన్నేళ్లు ఇక్కడ చదివినా లేదు. ఆ అమ్మాయి ఫారంలో "అమెరికా పౌరురాలు" అన్న గడిలో టిక్కు పెట్టకండి. తమ్ముడి ఫారం చూసి అలాగే నింపేయడం వల్ల కూడా ఈ పొరపాటు జరగవచ్చు. పౌరసత్వం ఉందని తప్పుగా చెప్పుకోవడం అమెరికా ఇమిగ్రేషన్ చట్టంలో అతి పెద్ద తప్పుల్లో ఒకటి. గ్రీన్ కార్డును జీవితాంతం అడ్డుకోగలదు. కొన్ని వేల డాలర్ల దగ్గర ఆ అమ్మాయి భవిష్యత్తు పణంగా పెట్టకండి. ఇప్పటికే అలా నిండి ఉంటే, ఈరోజే ఇమిగ్రేషన్ లాయర్‌ను కలవండి. ఆమెకు సీఎస్ఎస్ ద్వారా సొంత నిధుల సాయం చేసే కాలేజీలు ఉన్నాయి. కొన్ని రాష్ట్రాల సొంత పథకాలూ ఉన్నాయి. ఆ దారులు వెతకండి.

రెండో భయం ఆస్తుల గురించి. కూకట్‌పల్లిలో ఫ్లాటు, విజయవాడ బ్యాంకులో డిపాజిట్లు, అమరావతి దగ్గర ప్లాటు. "ఇండియాలోది వీళ్లకేం తెలుస్తుంది?" అనే మాట పార్టీల్లో వినబడుతూనే ఉంటుంది. తెలుస్తుందా లేదా అన్నది కాదు ప్రశ్న. మీరు ఉండే ఇల్లు తప్ప మీ పేరున ఉన్న స్థలాలు, ఇళ్లు, డిపాజిట్లు ఏ దేశంలో ఉన్నా ఫాఫ్సాలో చూపాలి. నాన్నగారి పేరున ఉన్నది మీది కాదు, అది చూపనక్కర్లేదు. మీ పేరున ఉన్నది మీదే. కుటుంబం నివసించే వ్యవసాయ క్షేత్రానికి 2026-27 నుంచి మినహాయింపు ఉంది కానీ, మీరు న్యూజెర్సీలో ఉంటూ తెనాలిలో కౌలుకిచ్చిన పొలం దాని కిందికి రాదు. తెలిసి తప్పుడు వివరాలిస్తే 20,000 డాలర్ల వరకు జరిమానా, జైలు, లేదా రెండూ ఉంటాయని సంతకం పెట్టే చోటే రాసి ఉంటుంది. విదేశీ ఖాతాల్లో అన్నీ కలిపి 10,000 డాలర్లు దాటితే ఎఫ్‌బార్ అనే విదేశీ ఖాతాల నివేదిక వేయాలి. అక్కడ ఒక మాట, ఇక్కడ ఒక మాట చెప్పిన కుటుంబం రెండు శాఖలకూ దొరుకుతుంది. వెరిఫికేషన్‌కు ఎవరి ఫైలు తీస్తారో మీకు ముందుగా తెలియదు. ఇద్దరు పిల్లల ఫారాల్లో ఒకే ఏడాది, 529 తేడా పోగా కూడా, రెండు వేర్వేరు ఆస్తి అంకెలుంటే అనుమానం రాకుండా ఎలా ఉంటుంది?

దాచినా ఎంత మిగులుతుందో కూడా చూడండి. తల్లిదండ్రుల ఆస్తిలో ఏటా గరిష్ఠంగా 5.64 శాతమే లెక్కలోకి వస్తుంది. లక్ష డాలర్ల ప్లాటు చూపితే మీ వాటా మహా అయితే 5,640 డాలర్లు పెరుగుతుంది. దానికోసం నేరం ఎందుకు? బిడ్డ పేరున ఉన్న సొమ్ము మీద మాత్రం 20 శాతం వేస్తారు. తాతగారు ముచ్చటపడి మనవడి ఖాతాలో వేయబోతే, ఆగమని చెప్పండి.

ఈ 5.64 అన్న అంకె గుర్తుంచుకోండి. ఎందుకంటే త్వరలోనే మీకు తెలిసిన తెలుగాయన ఒకరు వారాంతం సమావేశానికి పిలుస్తారు. కాఫీ ఇస్తారు. కాలేజీ ప్లానింగ్ అంటారు. మీ పొదుపంతా ఒక జీవిత బీమా పాలసీలోనో యాన్యుటీలోనో పెడితే ఫాఫ్సాకు కనబడదు, ఎయిడ్ కురుస్తుంది అంటారు. కనబడని మాట నిజమే. కానీ లక్ష డాలర్లు దాస్తే మీ లెక్కలో తగ్గేది 5,640లోపే. ఆ పాలసీని ముందే మూసేయాల్సి వస్తే పోయే సరెండర్ చార్జీ అంతకంటే ఎక్కువ కావచ్చు. మీ ఆదాయం వల్లే అవసరం సున్నా అయితే ఆ కొంచెం కూడా దక్కదు. ఆయనకు కమిషన్ దక్కుతుంది. ఆయన చెడ్డవాడని నేననను. లెక్క అడగండి, అంతే.

స్కాలర్‌షిప్ గ్యారంటీ అని ముందే డబ్బు అడిగేవారికి దూరంగా ఉండండి. ఫాఫ్సాకు పైసా రుసుము లేదు. చిరునామా చివర డాట్ గవ్ లేకపోతే మూసేయండి. పిల్లవాడి పాస్‌వర్డు ఎవరడిగినా ఇవ్వకండి, మీ టాక్సులు చేసే ఆయనకైనా సరే. ఇంకా ముందుకెళ్లి, తల్లిదండ్రులు విడిపోయినట్టు చూపమనీ, బిడ్డను చుట్టాల సంరక్షణకు ఇచ్చినట్టు కోర్టు కాగితాలు పుట్టించమనీ సలహా ఇచ్చేవాళ్లూ ఉంటారు. 2019లో ఇలినాయ్‌లో ఈ సంరక్షణ ఎత్తుగడే బయటపడింది. బాగా ఉన్న కుటుంబాలు తమ పిల్లల సంరక్షణ హక్కును వేరేవాళ్లకు బదిలీ చేసి, సాయం పొందిన సంగతి పత్రికలకెక్కింది. ఆ దారి పట్టకండి.

ఇంకొకటి, ఇది తప్పు కాదు గానీ దెబ్బ మాత్రం గట్టిగా తగులుతుంది. ఫాఫ్సా రెండేళ్ల కిందటి ఆదాయం చూస్తుంది. 2026-27 సాయానికి 2024 పన్ను రిటర్ను. పెద్దవాడి ఫీజు కోసం ఈ ఏడాది ఊళ్లో ప్లాటు అమ్మారనుకోండి. ఆ లాభం మీ అమెరికా రిటర్నులో ఆదాయంగా చేరుతుంది. 2026లో అమ్మితే 2028-29 ఫారంలో కనబడుతుంది. చిన్నది కాలేజీలో చేరేది ఆ ఏడే అయితే? చేతిలో డబ్బు ఎప్పుడో ఖర్చయిపోయి ఉంటుంది, కాగితం మీద మాత్రం మీరు ఆ ఏడాది ధనవంతులు. 401కే నుంచి తీసినా, కంపెనీ షేర్లు ఒకేసారి అమ్మినా ఇదే తీరు. అమ్మకానికి అడ్వాన్సు పుచ్చుకునే ముందే పిల్లలిద్దరి కాలేజీ సంవత్సరాలు ఒక కాగితం మీద వేసుకుని, రెండేళ్లు వెనక్కి లెక్కపెట్టుకోండి.

ఇక అప్పులు. సాయం సున్నా అని తేలిన ఇల్లు మొదట చూసేది తల్లిదండ్రుల పేరున ఇచ్చే ఫెడరల్ అప్పు, పేరెంట్ ప్లస్ లోను వైపే. 2026 జూలై 1 నుంచి కొత్తగా తీసుకునేవారికి ఒక్కో బిడ్డకు ఏడాదికి 20,000 డాలర్లు, మొత్తం 65,000 డాలర్లు మించి ఇవ్వరు. "ఖర్చెంతయితే అంత ఇస్తారట" అన్న పాత మాట నమ్మి కాలేజీ ఎంచుకోకండి. ఇద్దరికీ తీసుకుంటే 1,30,000 దాకా మీ నెత్తిన. 2025-26లో దీని వడ్డీ 8.94 శాతం. ఇచ్చేటప్పుడే 4 శాతానికి పైగా రుసుము కోసుకుంటారు. ఆదాయాన్ని బట్టి నెలవారీ వాయిదా తగ్గించే పథకాలు ఆ తేదీ తర్వాత తీసుకున్న కొత్త ప్లస్ లోన్లకు వర్తించవు. జీతం తగ్గినా వాయిదా దాన్ని బట్టి తగ్గదన్నమాట. హెచ్-1బీ మీద ఉన్న తల్లిదండ్రులకు ఈ లోను రాదు. వాళ్లు ప్రైవేటు బ్యాంకులకు వెళతారు. బ్యాంకు గ్రీన్ కార్డు ఉన్నవారి సంతకం అడుగుతుంది. అప్పుడు, మీకు గ్రీన్ కార్డు ఉంటే, మీకు ఫోన్ వస్తుంది: "అన్నయ్యా, ఒక్క సంతకం, మేం కట్టేస్తాం." ఆ సంతకంతో అప్పు మొత్తం మీదవుతుంది. మీకూ ఇద్దరు పిల్లలున్నారు. ప్రేమగా కాదనండి.

పిల్లల పేరున వచ్చే ఫెడరల్ లోనుకు ఆదాయ పరిమితి లేదు. తల్లిదండ్రుల మీద ఆధారపడ్డ డిగ్రీ విద్యార్థికి మొదటి ఏడాది 5,500, రెండో ఏడాది 6,500, ఆపైన ఏటా 7,500 వరకు. దాని వడ్డీ ప్లస్ కంటే తక్కువ. దానికీ ఫాఫ్సా ఉండాలి. అందుకే "మన జీతాలకు ఏం వస్తుందిలే" అని మానేయకండి. సాయం అడగడం నామోషీ అనుకునే ఇళ్లూ ఉన్నాయి. మీరు కట్టిన పన్నుల నుంచి నడిచే పథకం ఇది. నామోషీ ఎందుకు?

గడువులు చూసుకోండి. ఫారం మామూలుగా అక్టోబరు 1కి తెరుచుకుంటుంది. ఫెడరల్ చివరి తేదీ ఆ విద్యా సంవత్సరం ముగిసే జూన్ 30, కానీ దాన్ని చూసి నిదానించకండి. రాష్ట్రాల తేదీలు చాలా ముందే వస్తాయి. టెక్సస్‌లో ప్రాధాన్య గడువు జనవరి 15. కాలిఫోర్నియాలో రాష్ట్ర సాయమైన కాల్ గ్రాంట్‌కు మార్చి 2. పెద్దవాడు ఒక రాష్ట్రంలో, చిన్నది మరో రాష్ట్రంలో చదివితే కాలేజీ తేదీలు రెండు రకాలు. పైగా బిడ్డ చేరాక కాలేజీ మామూలుగా మీతో మాట్లాడదు, వాడితోనే మాట్లాడుతుంది. "ఈ పత్రం పంపండి, లేదంటే సాయం రద్దు" అన్న ఈమెయిలు వాడి కాలేజీ మెయిల్‌బాక్సులో తెరవకుండా పడి ఉంటుంది. వారానికి ఒకసారి ఇద్దరినీ అడగండి. విసుక్కుంటారు, పడండి.

ఇప్పుడు ఆ ఉత్తరం సంగతి. ఒక్క పేజీ చాలు. పెద్దబిడ్డ ఏ కాలేజీలో, ఎన్నో ఏడాదిలో ఉన్నాడో రాయండి. అతను చదువుతున్నట్టు కాలేజీ రిజిస్ట్రార్ ఇచ్చే ధ్రువపత్రం, ఈ ఏడాది బిల్లు, సాయం లెటరు జతచేయండి. సాయం పోగా మీరు చేతినుంచి కట్టింది ఎంతో ఒక్క అంకెలో చూపండి. ఉద్యోగం పోయినా, జీతం తగ్గినా, వైద్యం ఖర్చులున్నా కాగితాలతో చెప్పండి. రెండేళ్ల కిందటి జీతం ఈరోజుది కాదని వాళ్లకు తెలిసేది మీరు చెబితేనే. ఇండియాలో అమ్మానాన్నల మందులకు పంపే డబ్బు ఫారంలో ఎక్కడా పట్టదు. ఉత్తరంలో రాయండి, రసీదులు పెట్టండి. కన్నీళ్లు వద్దు, పొగడ్తలు వద్దు. "ఇంట్లో ఇద్దరు కాలేజీలో ఉన్నందున ప్రొఫెషనల్ జడ్జ్‌మెంట్ కింద మా అమ్మాయి లెక్కను మళ్లీ చూడగలరు" అని అడగండి. ఫెడరల్ లెక్క మార్చడం కుదరకపోతే కాలేజీ సొంత గ్రాంటులోనైనా చూడమని రెండో వాక్యం రాయండి. ఒప్పుకున్నా ఆ ఏడాదికే. వచ్చే ఏడు మళ్లీ అడగాలి.

ఒకటి కాదు, రెండు ఉత్తరాలు. చిన్నదాని కాలేజీకి ఒకటి. పెద్దవాడి కాలేజీకి మరొకటి, ఎందుకంటే చెల్లెలు చేరడంతో వాడి లెక్క కూడా మారవచ్చు. ఈ రెండోది దాదాపు అందరూ మరిచిపోతారు. దయచేసి మీరు మరవకండి. మే 1కి కాలేజీకి మాట ఇచ్చి డిపాజిట్ కట్టేలోపే ఆ రెండూ పంపండి. కట్టాక అడిగితే వాళ్లకు తొందరేమీ ఉండదు.